93 ప్రయోగాల లెక్కలో దొరకని సామర్థ్యం: కేప్ కనావెరల్, వాండెన్‌బర్గ్ భారీ రాకెట్ వేదికలపై కేస్ స్టడీ

2025 ఏప్రిల్‌లో అమెరికా స్పేస్ ఫోర్స్ జాతీయ భద్రతా ప్రయోగాల మూడో దశలో రెండో శ్రేణి కాంట్రాక్టులు ఖరారు చేసింది. మొత్తం 54 ప్రయోగాలు. స్పేస్‌ఎక్స్‌కు 28, యునైటెడ్ లాంచ్ అలయన్స్‌కు 19, బ్లూ ఆరిజిన్‌కు 7. విలువ సుమారు 1,370 కోట్ల డాలర్లు. అయిదేళ్లలో ఆర్డరయ్యే ఈ పనిని ఏడాదికి పంచితే పదకొండు ప్రయోగాలు వస్తాయి. కేప్ కనావెరల్ ఉన్న ఫ్లోరిడా తీరం నుంచి 2024లో ఒక్క ఏడాదిలోనే 93 రాకెట్లు ఎగిరాయి. 2022లో 57, 2023లో 72 ఎగిరిన తీరం అది. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌ను ఇంకా కలపలేదు.

తొంభై మూడు ఎగరేసేవారికి పదకొండు ఒక లెక్కా అని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రయోగ కేంద్రాల సామర్థ్య ప్రణాళిక నా వృత్తి. సమీక్షా సమావేశాల్లో ఈ ప్రశ్నే ముందుగా వస్తుంది. దానికి జవాబు చెప్పడానికే ఈ కేస్ రాస్తున్నాను. 2025 చివరికి బహిరంగంగా ఉన్న సమాచారమే ఇందులో ఆధారం. నా ఊహలతో వేసిన అంకెలు ఉన్నచోట అవి ఊహలేనని చెప్పాను.

పదకొండింటికి ఎన్ని దారులు?

మూడో దశను రెండు శ్రేణులుగా విడగొట్టారు. మొదటి శ్రేణిలో కొంత ప్రమాదం భరించగల ఉపగ్రహాలు, చేరుకోవడం తేలికైన కక్ష్యలు ఉంటాయి. రెండో శ్రేణిలోని ఉపగ్రహాలు పోతే మళ్ళీ కట్టడానికి ఏళ్లు పడుతుంది, వాటి కక్ష్యలు కూడా కఠినమైనవి. కొన్నింటిని నేరుగా భూస్థిర కక్ష్యలో వదలాలి, కొన్ని బరువైన నిఘా ఉపగ్రహాలను ధ్రువ కక్ష్యలోకి పంపాలి. కొన్నింటిని అడ్డంగా పడుకోబెట్టి రాకెట్‌కు బిగించడం కుదరదు. నిలబెట్టిన రాకెట్ మీదికి క్రేన్‌తో ఎత్తి కూర్చోబెట్టాలి.

ఈ షరతులన్నీ వరుసగా పెడుతూ పోతే 93 అనే అంకె కరిగిపోతుంది. అందులో సింహభాగం స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 ప్రయోగాలది, వాటిలోనూ ఎక్కువ భాగం ఆ సంస్థ సొంత ఇంటర్నెట్ ఉపగ్రహాలైన స్టార్‌లింక్‌ది. ఒకే రకం పేలోడ్, ఒకే రకం కక్ష్య, వాయిదా పడినా ఎవరికీ నష్టం లేదు. అలాంటి పనిలో ఒక వేదిక మూడు రోజుల లోపే మరో ప్రయోగానికి సిద్ధం కాగలదని కేప్‌లోని ఎస్‌ఎల్‌సీ-40 (ఎస్‌ఎల్‌సీ అంటే ప్రయోగ వేదికల సముదాయం) చూపించింది. అదో ఘనత, సందేహం లేదు. భారీ నిఘా ఉపగ్రహం పని మాత్రం వేరు.

భారీ తరగతి వాహక నౌకలు, వాటి వేదికల పట్టిక వేస్తే అది చాలా చిన్నదిగా తేలుతుంది. స్పేస్‌ఎక్స్ ఫాల్కన్ హెవీకి కేప్ పక్కనే ఉన్న నాసా కెన్నెడీ కేంద్రంలోని 39ఏ వేదిక ఒక్కటే. యునైటెడ్ లాంచ్ అలయన్స్ నౌక వల్కన్‌కు కేప్‌లో ఎస్‌ఎల్‌సీ-41 ఉంది, వాండెన్‌బర్గ్‌లో ఎస్‌ఎల్‌సీ-3ని సిద్ధం చేస్తున్నారు. 2025 జనవరిలో తొలిసారి ఎగిరిన బ్లూ ఆరిజిన్ నౌక న్యూ గ్లెన్‌కు ఎస్‌ఎల్‌సీ-36 ఒక్కటే. దశాబ్దాలపాటు ఈ భారం మోసిన డెల్టా-4 హెవీ వాండెన్‌బర్గ్ నుంచి 2022 సెప్టెంబరు 24న, కేప్ నుంచి 2024 ఏప్రిల్ 9న ఆఖరిసారి ఎగిరి విశ్రాంతి తీసుకుంది.

అంటే 93 ప్రయోగాల తీరంలో బరువైన రక్షణ ఉపగ్రహానికి ఉన్న దారులు ఒక చేతి వేళ్లకు మించవు. కనీసం రెండు వేర్వేరు వాహక నౌకల కుటుంబాలు ఎప్పుడూ అందుబాటులో ఉండాలని అమెరికా చట్టమే చెబుతోంది. నౌకల కుటుంబాలు రెండున్నా, ఒక్కో కుటుంబానికి ఒక్కో వేదికే ఉంటే ఆ నిబంధన కాగితం మీద నెరవేరినట్టు కనిపిస్తుందంతే. వేదికల సంఖ్య గురించి చట్టం ఏమీ అడగదు. నా దృష్టిలో ఆ లోటు పెద్దదే.

ఒక వేదిక పోతే

సామర్థ్యం కొలవడానికి నేను వాడే పద్ధతి చాలా మొరటుది. అన్నీ బాగున్న రోజున ఏడాదికి ఎన్ని ఎగరగలవో ముందు లెక్కిస్తాను. తర్వాత అన్నిటికంటే కీలకమైన వేదికను పట్టిక లోంచి కొట్టేసి, మిగిలినవాటితో రెండో శ్రేణి ప్రయోగాల్లో ఎన్ని గడువులోగా వెళ్లగలవో చూస్తాను. నిర్ణయాధికారుల ముందు పెట్టేది ఈ రెండో అంకెనే.

ఇలా చూడడం అతి జాగ్రత్త అనుకునేవారికి 1986 గుర్తు చేయాలి. అప్పటికి అమెరికా రక్షణ ఉపగ్రహాలను వీలైనంతవరకు స్పేస్ షటిల్ మీదికి మళ్లిస్తున్నారు. జనవరి 28న చాలెంజర్ కూలింది. ఏప్రిల్ 18న వాండెన్‌బర్గ్ నుంచి లేచిన టైటాన్ 34డీ ఎనిమిదిన్నర సెకన్లకే పేలి, శిథిలాలు వేదికల మీదే కురిశాయి. మూడు నెలల తేడాలో రెండు ప్రధాన దారులూ మూసుకుపోయాయి.

2016 ఉదంతం ఇంకా పాఠ్యపుస్తకంలా ఉంటుంది. సెప్టెంబరు 1న ఎస్‌ఎల్‌సీ-40 మీద ఇంజిన్ పరీక్షకు ఇంధనం నింపుతుండగా ఫాల్కన్ 9 పేలిపోయింది. పైనున్న అమోస్-6 ఉపగ్రహం కూడా దానితోపాటే పోయింది. ఆ వేదిక మీద మళ్ళీ రాకెట్ నిలబడి ఎగిరింది 2017 డిసెంబరు 15న. పదిహేను నెలల పైమాటే. అయినా సంస్థ ఆగలేదు. 2017 జనవరిలో వాండెన్‌బర్గ్ నుంచి, ఫిబ్రవరిలో అప్పటికే సిద్ధమవుతున్న 39ఏ నుంచి ఎగరడం మొదలుపెట్టింది. ఒకే నౌకకు మూడు వేదికలు ఉండటం వల్లే కోలుకోగలిగింది. ఈ రోజు ఫాల్కన్ హెవీకి గానీ న్యూ గ్లెన్‌కు గానీ ఆ వెసులుబాటు లేదు.

ఊహించిన అంకెలతో చిన్న లెక్క వేద్దాం. ఒక వేదిక మీద జరిగే ప్రతి ప్రయోగంలోనూ దాన్ని దీర్ఘకాలం మూతపడేలా చేసే ప్రమాదం 200లో ఒకటి అనుకుందాం. ఏడాదికి 40 ప్రయోగాలు జరిగితే ఆ ఏడాది వేదికను కోల్పోయే అవకాశం 18 శాతం. అయిదేళ్లకు 63 శాతం. అయిదేళ్ల కాంట్రాక్టు కాలంలో వేదిక పోవడం అరుదైన ఘటన కాకపోవచ్చు, ప్రణాళికలో భాగంగానే చూడాలి. వాణిజ్య ప్రయోగాలు పెరిగే కొద్దీ రాకెట్ విశ్వసనీయత పెరుగుతుందన్నది నిజం. అదే వేదికను రక్షణ ప్రయోగాలతో పంచుకుంటున్నప్పుడు వేదిక అనుభవించే ప్రమాదాల సంఖ్య కూడా పెరుగుతుందన్న రెండో నిజాన్ని చాలామంది మరచిపోతారు.

39ఏ విషయంలో చిక్కు ఇంకా లోతుగా ఉంది. ఫాల్కన్ హెవీ వేదిక పక్కనే, అదే ప్రాంగణంలో, స్పేస్‌ఎక్స్ కొత్త రాకెట్ స్టార్‌షిప్ టవర్ లేచింది. కొత్త మహా రాకెట్ తొలి ప్రయోగాలు ఎలా ఉంటాయో టెక్సాస్‌లో 2023 ఏప్రిల్ 20న అందరూ చూశారు. రాకెట్ కింది కాంక్రీటు ముక్కలై ఎగిరిపోయింది, తర్వాతి ప్రయోగానికి నవంబరు 18 దాకా ఆగాల్సి వచ్చింది. ఇదే భయంతో నాసా తన వ్యోమగాముల కోసం రెండో దారి ఉండాలని పట్టుబట్టింది. ఫలితంగా ఎస్‌ఎల్‌సీ-40 మీద వ్యోమగాముల టవర్ కట్టారు. 2024 సెప్టెంబరు 28న తొలి సిబ్బంది అక్కడి నుంచి వెళ్లారు. మనుషులు ఎక్కే ఫాల్కన్ 9కు దొరికిన బీమా, కోట్లాది డాలర్ల ఉపగ్రహాలు ఎక్కే ఫాల్కన్ హెవీకి ఇంకా దొరకలేదు.

పశ్చిమ తీరం, ఎస్‌ఎల్‌సీ-6

ఆ బీమా రాబోయేది వాండెన్‌బర్గ్ ఎస్‌ఎల్‌సీ-6 నుంచి. ఈ వేదిక చరిత్ర తెలిసినవారు కాస్త నవ్వుకుంటారు. 1966లో మనుషులతో నడిచే సైనిక కక్ష్యాగారం కోసం నిర్మాణం మొదలైంది. 1969లో ఆ పథకమే రద్దయింది. తర్వాత షటిల్ కోసం భారీ ఖర్చుతో మార్చారు. చాలెంజర్ ప్రమాదం తర్వాత ఒక్క షటిల్ కూడా ఎగరకుండానే మూతవేశారు. తొలి రాకెట్ అక్కడి నుంచి లేచేసరికి 1995 వచ్చింది, అదీ ఎథీనా అనే చిన్న నౌక. 2006 నుంచి డెల్టా-4కు ఇల్లయింది. 2023లో స్పేస్‌ఎక్స్ లీజుకు తీసుకుంది. దాదాపు మూడు దశాబ్దాలు ఒక్క ప్రయోగమూ లేకుండా పడి ఉండటానికి కారణం దురదృష్టం మాత్రమే అనలేం. ప్రతిసారీ దాన్ని ఒకే నౌక కొలతలకు బిగించి కట్టారు. నౌక పోతే వేదిక వట్టి కాంక్రీటుగా మిగిలింది.

2025 అక్టోబరులో ఆమోదం పొందిన ప్రణాళిక ప్రకారం వాండెన్‌బర్గ్‌లో స్పేస్‌ఎక్స్ ఏడాదికి 100 వరకు ప్రయోగాలు చేయవచ్చు. అందులో ఫాల్కన్ హెవీవి గరిష్ఠంగా అయిదు. వార్తలన్నీ వంద చుట్టూ తిరిగాయి. నా పట్టికలో బరువున్నది ఆ అయిదుకే. 2022 సెప్టెంబరు తర్వాత పశ్చిమ తీరంలో ఖాళీ అయిన భారీ తరగతి స్థానాన్ని నింపేవి అవే.

ధ్రువ కక్ష్యకు ఫ్లోరిడా నుంచే వెళ్లవచ్చు కదా అన్న ప్రశ్న సహేతుకమే. 2020 ఆగస్టులో ఫాల్కన్ 9 కేప్ నుంచి దక్షిణంగా మలుపు తిరిగి ధ్రువ కక్ష్యకు చేరింది. 1960ల తర్వాత అక్కడి నుంచి అలాంటి ప్రయోగం అదే మొదటిది. రాకెట్ తానే దారి తప్పినట్టు గ్రహించి తనను తాను పేల్చేసుకునే స్వయంచాలక భద్రతా వ్యవస్థ వచ్చాకే అది వీలైంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది, మోయగల బరువు తగ్గుతుంది. తేలికైన ఉపగ్రహానికి ఆ నష్టం పట్టించుకోనక్కర్లేదు. రాకెట్ సామర్థ్యాన్ని చివరి కిలో దాకా వాడుకునే నిఘా ఉపగ్రహానికి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. కాబట్టి నేను దాన్ని ప్రత్యామ్నాయాల్లో వేయలేదు.

వాండెన్‌బర్గ్‌కు మరో పరిమితి ఉంది, అది ఇంజినీర్ల చేతిలో లేదు. 2024 అక్టోబరులో, స్పేస్‌ఎక్స్ ప్రయోగాలను ఏడాదికి 36 నుంచి 50కి పెంచే ప్రతిపాదనను కాలిఫోర్నియా తీర కమిషన్ వ్యతిరేకించింది. ధ్వనివిస్ఫోటాలు, తీరం మూసివేతలు, వన్యప్రాణులు అన్నవి దాని అభ్యంతరాలు. ఈ గొడవను చికాకుగా చూసే ప్రణాళికాకర్తలు నాకు తెలుసు. స్టార్‌లింక్ ప్రయోగాలకు ఖర్చయిపోయిన స్థానిక ఓర్పు, రేపు అత్యవసర రక్షణ ప్రయోగానికి కావలసినప్పుడు మిగలకపోవచ్చు. అందుకే దాన్ని కూడా ఒక వనరుగా లెక్కలో రాసుకోవాలంటాను.

కనిపించని చోట్ల

వేదికలు వేరైనంత మాత్రాన అవి స్వతంత్రం కావు. ఈ కేస్‌లో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన భాగం ఇదే.

2024 మార్చి 28న ఆఖరి డెల్టా-4 హెవీ కౌంట్‌డౌన్ ఆగిపోయింది. రాకెట్ బాగుంది, ఉపగ్రహం బాగుంది. వేదికకు నైట్రోజన్ వాయువు పంపే పైపులైను తాలూకు పంపు విఫలమైంది. ప్రయోగం ఏప్రిల్ 9కి జరిగింది. రెండేళ్ల ముందు, 2022 ఏప్రిల్‌లో, నాసా చంద్రయాత్ర రాకెట్ ఆర్టెమిస్-1 ఇంధన రిహార్సల్ కూడా నైట్రోజన్ సరఫరా దగ్గరే ఇబ్బంది పడింది. మంటలు అంటుకునే చోట ఆక్సిజన్‌ను తరిమేయడానికి, కవాటాలు కదపడానికి, లోపలి అరలు పొడిగా ఉంచడానికి ప్రతి వేదికకూ నైట్రోజన్ కావాలి. ఒకే బావికి నాలుగు మోటార్లు బిగించి, నాలుగు బావులున్నట్టు లెక్క రాసుకోవడం లాంటిదే ఇక్కడి వేదికల లెక్క. సామర్థ్య నివేదికల్లో వేదికకు ఒక పేజీ ఉంటుంది, పైపుకు అడుగున ఒక చిన్న గమనిక. నైట్రోజన్ పైపు దగ్గర రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగేవారు ఎవరూ ఉండరు.

రెండో ఇరుకు ఉపగ్రహాన్ని సిద్ధం చేసే శుభ్రగదులు. విషపూరిత ఇంధనం నింపడం, తుది పరీక్షలు, రాకెట్ కొన మీది రక్షణ కవచంలో బిగించడం అన్నీ అక్కడే జరుగుతాయి. మూడు గదులున్నాయనీ, ఒక్కో రక్షణ ఉపగ్రహం సగటున 45 రోజులు ఉంటుందనీ ఊహిస్తే ఏడాదికి 24 ఉపగ్రహాలు వెళ్లగలవు. ఉండే కాలం 60 రోజులకు పెరిగితే 18 మాత్రమే. రాకెట్ వాయిదా పడినప్పుడల్లా ఉపగ్రహం ఆ గదిలోనే కూర్చుంటుంది కాబట్టి వేదిక దగ్గరి ఆలస్యం వెనక్కి పాకి, తర్వాతి ఉపగ్రహాన్ని గుమ్మం బయటే ఆపేస్తుంది. 2025లో స్పేస్ ఫోర్స్ వాండెన్‌బర్గ్‌లో ఇలాంటి సదుపాయం విస్తరణకు ఆస్ట్రోటెక్ సంస్థకు 7.75 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఒక కొత్త భారీ వేదిక ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లర. ఫలితం మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ.

మూడోది రేంజి సమయం, అంటే రాకెట్ ఎగిరే దారిని ఖాళీ చేయించి, దాన్ని గమనిస్తూ భద్రత చూసే వ్యవస్థ మనకు దొరికే సమయం. వరుసలో నిలబడే ఏ వ్యవస్థలోనైనా వాడకం పెరిగే కొద్దీ నిరీక్షణ సరళరేఖలో పెరగదు. ప్రాథమిక క్యూ సూత్రం ప్రకారం 50 శాతం వాడకంలో సగటు నిరీక్షణ ఒక పని నిడివి అంత ఉంటుంది. 80 శాతానికి నాలుగు రెట్లు, 90 శాతానికి తొమ్మిది రెట్లు. అసలు రేంజి ఈ సూత్రానికి అచ్చంగా ఒదగదు, ముందస్తు కేటాయింపులు, ప్రాధాన్యాలు ఉంటాయి. అయినా వంపు మాత్రం ఇదే. 90 శాతం నిండిన రేంజిని చూసి సమర్థ నిర్వహణ అని మెచ్చుకునే యాజమాన్యాలకు ఈ వంపు గీసి చూపించడం నా పనిలో భాగమైపోయింది. రక్షణ అవసరం అంటేనే ముందుగా తేదీ చెప్పకుండా వచ్చేది.

పక్కింటి మీథేన్

ఇప్పుడు అసలైన పెద్ద అంకె. స్టార్‌షిప్ కోసం కేప్‌లోని ఎస్‌ఎల్‌సీ-37 నుంచి ఏడాదికి 76, 39ఏ నుంచి 44 వరకు ప్రయోగాలకు పర్యావరణ అధ్యయనాలు జరిగాయి. ప్రతి ప్రయోగానికి రెండు దశలూ తిరిగి దిగుతాయి కాబట్టి 120 ప్రయోగాలు, 240 అవతరణలు. మొదటి దశ నిమిషాల్లో తిరిగి వచ్చేస్తుంది గనుక దాన్ని ప్రయోగంతోపాటే లెక్కేసినా, పొరుగువారు ఖాళీ చేయాల్సిన సందర్భాలు 240 దాకా ఉండవచ్చు. ఒక్కోటి అయిదు గంటలనుకుంటే మొత్తం 1,200 గంటలు, ఏడాదిలో 14 శాతం కంటే తక్కువ. భరించదగినదే అనిపిస్తుంది.

గంటల్లో కొలవడమే ఇక్కడ పొరపాటు. పొరుగు వేదికపై క్రేన్‌తో ఉపగ్రహాన్ని ఎత్తే పనిని మధ్యలో ఆపి వెళ్లిపోలేరు. అయిదు గంటల మూసివేత ఆ పనిదినాన్ని పూర్తిగా మింగేస్తుంది. 365 రోజుల్లో 240 సందర్భాలంటే ప్రతి మూడు రోజుల్లో రెండింటికి గండం. నెల రోజుల భారీ ప్రయోగ సన్నాహంలో ఇది ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు. రాత్రివేళకు సర్దుబాటు చేసుకుంటే కొంత తగ్గుతుంది, ఇంజిన్ పరీక్షలు కలిపితే పెరుగుతుంది.

ఎంత దూరం ఖాళీ చేయాలన్నది పేలుడు లెక్క మీద ఆధారపడుతుంది. 4,600 టన్నులకు పైగా ద్రవ ఆక్సిజన్, ద్రవ మీథేన్ మోసే రాకెట్ ఇది. ఈ జంట కలిసిపోయి పేలితే ఎంత శక్తి వస్తుందో కిరోసిన్, హైడ్రోజన్‌లకు ఉన్నంత పరీక్షా సమాచారం లేదు. అందుకని భద్రతాధికారులు ముందు జాగ్రత్తగా, టన్నుకు టన్ను టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానమన్న అంచనాతో మొదలుపెట్టారు. పేలుడు తాకిడి దూరం బరువు ఘనమూలం చొప్పున మారుతుంది. పరీక్షల్లో ఆ అంచనా 25 శాతానికి తగ్గితే దూరం 63 శాతానికి, ఖాళీ చేయాల్సిన విస్తీర్ణం 40 శాతానికి దిగుతుంది. కేప్ మ్యాపు మీద ఆ తేడా ఒకటి రెండు పొరుగు వేదికలు గీతకు ఇవతల ఉంటాయా, అవతల ఉంటాయా అన్నది తేలుస్తుంది. కాంక్రీటు పోయకుండా సామర్థ్యం పెంచే పనుల్లో ఇది ఒకటి: మీథేన్ పేలుడు పరీక్షలను త్వరగా, పూర్తి స్థాయికి దగ్గరగా చేయడం.

డబ్బు ఎటు పోవాలి

స్పేస్ ఫోర్స్ 2024 నుంచి 2028 వరకు రెండు తీరాల మౌలిక సదుపాయాలకు సుమారు 130 కోట్ల డాలర్లు కేటాయించుకుంది. పాత చట్టం ప్రకారం వాణిజ్య సంస్థల నుంచి ప్రత్యక్ష ఖర్చులు మాత్రమే వసూలు చేయగలిగేవారు. రోడ్లు, వంతెనలు, విద్యుత్తు అరిగిపోతే బిల్లు సైన్యానిదే. 2024 రక్షణ చట్టం పరోక్ష ఖర్చుల్లో వాటా వసూలుకు దారి తెరిచింది. మంచి మార్పు. ఆ వసూలు ప్రయోగాల సంఖ్యను బట్టి కాకుండా, పొరుగు వేదికలకు కలిగించే మూసివేతలను బట్టి ఉండాలన్నది నా వాదం. చిన్న రాకెట్‌కూ, పక్క వేదికలన్నీ ఖాళీ చేయించే మహా రాకెట్‌కూ ఒకే రుసుము ఉంటే ఇరుకు తగ్గదు.

నాకే అప్పగిస్తే మొదటి విడత నైట్రోజన్, విద్యుత్తు, హీలియం సరఫరాలను రెండు వైపుల నుంచి అందేలా చేయడానికి పోతుంది. రెండో విడత శుభ్రగదులకు. మూడోది ఎవరూ అడగనిది: పేలుడు తర్వాత వేదికను తిరిగి కట్టడానికి కావలసిన, తయారీకి ఏడాది పైబడే భాగాల నిల్వ. క్రయోజెనిక్ కవాటాలు, ఇంధన గొట్టాల చేతులు, నియంత్రణ తీగలు, ట్యాంకులు. ఎస్‌ఎల్‌సీ-40కి పట్టిన పదిహేను నెలలను తొమ్మిదికి తగ్గించగలిగితే, మన ఊహా లెక్కలోని ప్రమాదానికి ఆరు నెలల భారీ ప్రయోగాలు తిరిగి వస్తాయి. కొత్త వేదికకు అనుమతులే అంతకన్నా ఎక్కువ కాలం తీసుకుంటాయి.

నౌకలను మార్చుకోగలగడం కూడా సామర్థ్యమే. ఒక జీపీఎస్-3 ఉపగ్రహాన్ని వల్కన్ నుంచి ఫాల్కన్ 9కు మార్చి, అయిదు నెలల పరిధిలో సిద్ధం చేసి 2024 డిసెంబరు 16న పంపారు. మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పట్టే పని అది. భారీ తరగతిలో ఇంత సులువు కాదు. కవచం పొడవు, బిగింపు వలయం, నిలువు అమరిక ఒక్కో నౌకకు ఒక్కోలా ఉంటాయి. కొత్త ఉపగ్రహాల ఒప్పందాల్లోనే రెండు నౌకల బిగింపులకూ సరిపోవాలన్న షరతు పెడితే, పదేళ్ల తర్వాతి ప్రణాళికాకర్తకు పట్టికలో ఒక్కో ఉపగ్రహం ఎదుట రెండు వేదికలు కనిపిస్తాయి. ఇప్పుడు ఆర్డరవుతున్న 54లో చాలావాటికి ఆ గడిలో ఒకటే పేరుంది. ఎస్‌ఎల్‌సీ-6 మీద ఫాల్కన్ హెవీ, ఎస్‌ఎల్‌సీ-3 మీద వల్కన్ తొలిసారి లేచేదాకా నేను ఆ పట్టికలో పశ్చిమ తీరం భారీ తరగతి వరుసను సున్నాగానే ఉంచుతున్నాను.